బాబాయిగారి స్టోరు, పిన్ని ఎర్రపెన్ను

పోయిన వారం మా కాలేజీ ల్యాబులో ఒక అమ్మాయి సర్క్యూటు బొమ్మలు గీసే ప్రోగ్రాం కోసం ఊరూ పేరూ లేని ఏదో వెబ్‌సైటులోకి వెళ్లి, అక్కడ మిలమిలా మెరుస్తున్న నాలుగు డౌన్‌లోడ్ బటన్లలో అసలుది ఏదో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంది. నేను వెనక నుంచి, "బయట కొట్లెందుకమ్మా, ముందు మన స్టోరులో చూడు" అన్నాను. "మన స్టోరేంటి మేడమ్?" అందా అమ్మాయి. అప్పుడు గాని నాకు తట్టలేదు, ఆ మాట నాది కాదని. అది మా బాబాయిగారి మాట. ఇన్నేళ్లూ నేను పాఠం చెబుతున్న సంగతి, ఆయన నోటి నుంచి విన్నాక నాకే కొత్తగా అర్థమైంది. ఆ అమ్మాయికి వెతకడం చూపించి నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను గానీ, ఆ పూట ఇక పాఠం మీద మనసు నిలవలేదు.

మా ల్యాబు కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తాయి. లినక్స్ అంటే దేశదేశాల వాళ్లు కలిసి తయారుచేసి, కావలసినవాళ్లు తీసుకోండి అని వదిలేసిన వ్యవస్థ. దాన్ని కూర్చి పంచిపెట్టేవాళ్లు వేలకొద్దీ ప్రోగ్రాములను పరీక్షించి, పొట్లాలు కట్టినట్టు ప్యాకేజీలు కట్టి, ఒక్కచోట పెడతారు. దాన్ని రిపాజిటరీ అంటారు. పేరు కొట్టి వెతకవచ్చు, లేదా ఆటలు, లెక్కలు, బొమ్మలు అంటూ వరసలు వరసలుగా ఉన్నవాటిని తీరిగ్గా చూసుకుంటూ పోవచ్చు. నచ్చినదాని మీద నొక్కితే మన కంప్యూటరులోకి వచ్చేస్తుంది. నాలాంటివాళ్లం కావలసినది వెతుక్కుని, దింపుకుని బయటపడతాం. కూర్చుని మొదటినుంచీ చదివే మనిషి ఉంటాడని నేనెప్పుడూ అనుకోలేదు.

మా బాబాయిగారు, అంటే మా అమ్మ చెల్లెలి భర్త, గల్ఫులో ఇరవై ఆరేళ్లు స్టోర్‌కీపరుగా పనిచేశారు. పైపులు, వాల్వులు, నట్లు, బోల్టులు ఉండే పెద్ద గోడౌను. మా చిన్నప్పుడు ఆయనంటే రెండేళ్లకోసారి నలభై రోజులు వచ్చే మనిషి. సూట్‌కేసు తెరవగానే సబ్బులూ ఖర్జూరాలూ కలిసిన ఒక వాసన వచ్చేది. ఆ వాసనే బాబాయిగారని నేను చాలాకాలం అనుకున్నాను. పిన్ని మామిడికుదురు దగ్గర హైస్కూల్లో తెలుగు టీచరు. ఇల్లు కట్టించింది ఆవిడే, కూతుర్ని చదివించి పెళ్లి చేసిందీ ఆవిడే, కొబ్బరి దింపు రోజున చెట్టుచెట్టుకీ తిరిగి కాయలు లెక్కచూసుకున్నదీ ఆవిడే. ఆయన వచ్చిన నలభై రోజులూ ఆయన్ని చుట్టంలా చూసుకునేది. మంచి కంచం, మంచి దుప్పటి, అడగకుండానే కాఫీ. చుట్టానికి చేసినట్టే చేసేది, చుట్టం వెళ్లాక ఊపిరి పీల్చుకున్నట్టే పీల్చుకునేది. ఇది ఆవిడే మా అమ్మతో నవ్వుతూ చెప్పింది.

ఆయన ఉద్యోగం మానేసి వచ్చేసిన ఏడాది పిన్ని కూడా రిటైరైంది. ఇక చుట్టం వెళ్లడు. మొదటి నెల బాగానే గడిచింది. ఆదివారం ఇద్దరూ కలిసి చర్చికి నడిచి వెళుతుంటే వీధిలోవాళ్లు ముచ్చటగా చూశారు. రెండో నెలలో బాబాయిగారి కన్ను వంటింటి మీద పడింది. ఒక వారం కష్టపడి డబ్బాలన్నీ దింపి, కడిగి, మళ్లీ సర్ది, ఒక్కొక్కదానికీ అరనూ వరసనూ బట్టి నంబరు అంటించి, ఏ నంబరులో ఏముందో రాసిన పట్టీని వంటింటి తలుపు వెనక వేలాడదీశారు. పోపు మాడుతుంటే పిన్ని ఇంగువ కోసం ఆ పట్టీ ముందు నిలబడి కళ్లజోడు సవరించుకోవడం నేను కళ్లారా చూశాను. "ఉప్పు కోసం రిజిస్టరు చూడాలా అండీ నేను?" అంది. "వారం రోజుల్లో అలవాటైపోద్ది. అక్కడ మా కుర్రాళ్లకి మూడ్రోజులు పట్టింది" అన్నారాయన ఎంతో ఓర్పుగా.

అక్కడితో ఆగినా బాగుండేది. పిన్ని అటక మీద అట్టపెట్టె ఒకటి ఉండేది. ముప్ఫై ఏళ్ల పాఠాల నోట్సులు, ఎర్ర సిరాతో దిద్దిన కాగితాలు, పిల్లలు రాసిన వాటిలో బాగున్నాయని దాచుకున్న వ్యాసాలు. ఒక మధ్యాహ్నం ఆవిడ చర్చిలో ఆడవాళ్ల కూటానికి వెళ్లినప్పుడు, బాబాయిగారు ఆ పెట్టెను పాత కాగితాలవాడికి ఇచ్చేసి ఒక నీలం ప్లాస్టిక్ బకెట్టు తీసుకున్నారు. స్టోర్ల లెక్కలో మూడేళ్లు ఎవరూ ముట్టుకోని సరుకు చచ్చిన సరుకట. దాన్ని తీసేస్తేనే స్టోరు స్టోరులా ఉంటుందట. పిన్ని వచ్చి, అటక చూసి, బకెట్టు చూసింది. మర్నాడు పొద్దున్నే చేతిసంచీలో నాలుగు చీరలు పెట్టుకుని రాజోలులో మా అమ్మ దగ్గరకి వచ్చేసింది. "ఆయనకి కావలసింది ఇల్లు కాదక్కా, గోడౌను. నేనూ మూడేళ్లు కదలకుండా కూర్చుంటే ఏం చేస్తారో!" అని మా అమ్మతో అందట. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదని అమ్మ చెప్పింది.

నేను ఆ ఆదివారం అమలాపురం నుంచి మామిడికుదురు వెళ్లాను. బాబాయిగారు నూకల ఉప్మా చేసుకుని, తిన్న కంచం కడిగి, ఆరబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇల్లంతా అద్దంలా ఉంది. అంత శుభ్రంగా ఉన్న ఇంట్లో అంత దిగులుగా ఉన్న మనిషిని నేను చూడలేదు. ఏదో ఒక వ్యాపకం ఉంటే బాగుంటుందని నా పాత ల్యాప్‌టాప్ తీసుకెళ్లాను. అది ముసలిదైపోయి వేరే ఏదీ మోయలేకపోతుంటే లినక్స్ ఎక్కించాను. పాటలు ఎలా వినాలో, వార్తలు ఎలా చదవాలో చూపించాను. ఆయన మర్యాదకి తల ఊపారు. చివర్లో, ఏదైనా కావాలంటే ఇందులోంచి తెచ్చుకోండి అని రిపాజిటరీ తెరిచి చూపించాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇదంతా ఏంటమ్మా?"

"ప్రోగ్రాములు బాబాయ్. ఉచితమే."

"ఉచితం సంగతి తర్వాత. ఈ పద్ధతి చూడమంటున్నాను." ఆయన వేలు తెర మీద పాకింది. పేరు, ఎన్నవ కూర్పు, ఎంత చోటు పడుతుంది, ఒక్క వాక్యంలో అది దేనికి, దానితోపాటు ఇంకా ఏమేం కావాలి. "వాల్వు ఇచ్చి, అతుకు కారకుండా మధ్యన పెట్టే గాస్కెట్టు ఇవ్వకపోతే పని సైటులోవాడు ఫోన్లో బూతులు తిట్టేవాడమ్మా. వీళ్లు అడక్కుండానే గాస్కెట్టు కూడా కట్టి ఇచ్చేస్తున్నారు! ఎవరమ్మా ఈ స్టోర్‌కీపరు?"

ఒక్కరు కాదని, ఒక్కో ప్యాకేజీని ఒక్కొక్కరు ఎక్కడెక్కడో కూర్చుని చూసుకుంటూ ఉంటారని చెప్పాను. ఆయన లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నారు.

రెండు వారాల తర్వాత వెళ్లేసరికి అది ఆయన నోట 'మన స్టోరు' అయిపోయింది. పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని, ఇంగ్లీషు 'ఏ' అక్షరం దగ్గర మొదలుపెట్టి చదువుకుంటూ పోతున్నారు. రోజుకి ఇన్ని పేజీలని నియమం. చుక్కల పటాలు గీసేవి, వంటల జాబితాలు రాసుకునేవి, చదరంగం ఆడేవి అన్నీ రాసుకున్నారు. నేను వెళ్లిన రోజు ఆయన్ని రెండు ప్యాకేజీలు ఇబ్బంది పెడుతున్నాయి. ఒకటి, మనం రాసిన మాటలను ఒక ఆవు అన్నట్టు బొమ్మ వేసి చూపిస్తుంది. రెండోది, మనం ఒక ఆజ్ఞను తప్పుగా కొడితే తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకి రైలింజను వెళుతుంది. అంతే.

"దీనివల్ల ఉపయోగం?" అని అడిగారు.

"ఏమీ లేదు బాబాయ్. సరదా."

"మూడేళ్లు ఎవరూ తీసుకోకపోతే?"

"అయినా ఉంటుంది. చూసుకునే మనిషి ఒకరుంటే చాలు, ఉంచుతారు."

ఆయన పెన్ను పక్కన పెట్టారు. బయట ఎవరి తోటలోనో దింపు జరుగుతోంది, కాయలు ఒకటొకటీ నేల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఆ పెట్టెని చూసుకునే మనిషి ఉందమ్మా" అన్నారు నెమ్మదిగా. "నేనే అడగలేదు." పాత కాగితాలవాడి కోసం ఆయన అప్పటికే మూడు ఊళ్లు తిరిగొచ్చారని, సరుకు ఎప్పుడో లారీ ఎక్కిపోయిందని, ఆ తర్వాత ఆయనే చెప్పారు.

ఆ రోజే ఆయన ఇంకొకటి కనిపెట్టారు. ఆ ఒక్క వాక్యం వివరాలు ఎన్నో భాషల్లో ఉన్నాయి, తెలుగులో మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. కావలసినవాళ్లు రాయవచ్చని కింద ఒక పేజీ ఉంది. బాబాయిగారు నాలుగు రోజులు కుస్తీ పట్టి పాతిక రాశారు. నేను మళ్లీ వెళ్లినప్పుడు చదివి వినిపించారు. ఇరవై ఆరేళ్లు హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ, మలయాళం కలిపి మాట్లాడిన మనిషి తెలుగు అది. "మీ యొక్క ఫైలు యొక్క సైజును తక్కువ చేయబడునది" అని ఒకటి. నేను పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాను. పంపిద్దామని చూస్తే ఒక నియమం అడ్డొచ్చింది. ఎవరు రాసింది వాళ్లే సరే అనుకుంటే చెల్లదు, వేరే మనిషి చదివి ఒప్పుకోవాలి. నేను చూస్తానన్నాను.

"నువ్వు కంప్యూటరు టీచరువమ్మా" అన్నారాయన, నోటుబుక్కు మూసేస్తూ. "దీనికి తెలుగు టీచరు కావాలి."

మర్నాడు పొద్దున పదింటికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని రాజోలులో మా అమ్మ ఇంటి ముందు బస్సు దిగారు. నేను ఆ రోజు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. అది చూడకుండా ఉండటం నా వల్ల అయ్యే పని కాదు. మా అమ్మ "రండి మరిదిగారూ" అంటూ కుర్చీ వేసింది. పిన్ని గుమ్మంలో నిలబడింది.

"కూర్చోను వదినగారూ. ముందు చెప్పాల్సింది ఉంది" అని, పిన్నివైపు తిరిగి, "నీ పెట్టె ఇచ్చేయడం నాది తప్పు. వెతికేను. దొరకలేదు. దొరికితే తెచ్చేవాణ్ణి" అన్నారు. తర్వాత నోటుబుక్కు చాపారు. "ఇది కొంచెం దిద్ది పెడతారా టీచరుగారూ? నేను రాసింది నేనే బాగుందనుకుంటే చెల్లదంట. ఇంకొకళ్లు ఒప్పుకోవాలంట."

"అలాంటి రూలు ఎక్కడో ఒకచోటైనా ఉందన్నమాట" అంది పిన్ని. కానీ నోటుబుక్కు అందుకుంది. మొదటి పేజీ చూసి కనుబొమలు ఎగరేసింది. రెండో పేజీ చూసి, "అక్కా, ఎర్రపెన్ను ఉందా?" అంది.

అరుగు మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ ఎర్రపెన్ను 'యొక్క'లన్నిటినీ వరసపెట్టి కొట్టేసుకుంటూ వెళ్లింది. "ఫైలును చిన్నది చేస్తుంది. అంతేగా అండీ? ఇంత మాటకి అంత మేళమెందుకు?" ఆయన "ఆయ్" అని రాసుకోవడం. ఏడో వాక్యం దగ్గర ఆవిడ చేయి ఆగిపోయింది. "ఇదేంటండీ! 'రాత్రింబగళ్లు పనిచేయు దెయ్యం' అని రాసేరు!"

"ఇంగ్లీషులో అలాగే ఉంది. డీమన్ అంట. మన ఎదురుగా కనపడదు. వెనకాలుండి, పిలవకుండానే అన్ని పనులూ చేసుకుపోద్ది."

పిన్ని కళ్లజోడు తీసి ఆయన మొహంలోకి చూసింది. "ఎవరికీ కనపడకుండా, పిలవకుండా, రాత్రింబగళ్లు పని చేసేది దెయ్యం కాదండీ. ఇల్లాలు."

లోపల మా అమ్మ చేతిలో గరిట జారిపడిన చప్పుడు వినిపించింది. బాబాయిగారు తెల్లబోయి, తర్వాత ఎర్రబడి, ఆ తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వారు. ఆయన అలా నవ్వుతారని నాకు అప్పటిదాకా తెలియదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "అలాగే రాసేద్దామా?" అన్నారు. "వద్దు. 'చాటున పనిచేసేది' అని రాయండి, చాలు" అంది పిన్ని. అని, కొట్టివేతల మధ్య తనే ఆ మాట గుండ్రటి అక్షరాలతో రాసింది.

అయినా ఆ రోజు ఆవిడ వెనక్కి వెళ్లలేదు. పట్టుదల పిన్ని దగ్గర ఎప్పుడూ నిండుగానే ఉండేది. బాబాయిగారు రోజూ పదింటికి బస్సు దిగడం, దిద్దించుకుని, భోంచేసి మధ్యాహ్నం బస్సుకి వెళ్లడం. పదో రోజున పిన్ని, "ఈ వయసులో రోజూ బస్సు ప్రయాణమేంటండీ, నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు?" అని చేతిసంచీ సర్దుకుంది. నేనే ఇద్దర్నీ దింపి వచ్చాను. వంటింట్లో నంబర్లు లేవు, తలుపు వెనక పట్టీ లేదు. డబ్బాలన్నీ మునుపటిలా సర్దేశానని బాబాయిగారు గర్వంగా చెప్పారు. చూస్తే ఒక్కటీ మునుపటి చోట లేదు. మునుపు ఏది ఎక్కడ ఉండేదో ఆయనకి తెలిస్తే కదా! పిన్ని ఆ అరలవైపు చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు లాగి, "రండి, చెబుతాను. అందుకుని ఇవ్వండి" అంది. ఆ సాయంత్రం నేను వచ్చేసేసరికి ఇంగువ డబ్బా ఎక్కడ ఉండాలో ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు, మొహాలు మాత్రం వెలిగిపోతున్నాయి.

కొన్ని నెలలకి ఒక పొద్దున్న ఫోను మోగింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటే నాకేమీ అర్థం కాలేదు. నెమ్మదిగా తేలిందేమిటంటే, రైలింజను ప్యాకేజీ పేరు కింద వాళ్ల తెలుగు వాక్యం కనిపిస్తోంది. బాబాయిగారు పది ఊళ్లకి వినిపించేలా చదివారు. "తప్పు కొట్టినవారికి కోపం రాకుండా రైలు చూపిస్తుంది." కోపం రాకుండా అన్న మాట అసలు వాక్యంలో లేదు. అది పిన్ని పెట్టిందని, తను ఒప్పుకున్నానని ఆయన చెప్పారు.

ఈమధ్య కూడా వెళ్లి చూశాను. పొద్దున్న టిఫినయ్యాక ఇద్దరికీ అదే పని. ఆయన చదవడం, ఆవిడ దిద్దడం, ఒక్కో మాట దగ్గర పావుగంట గొడవ. ఎంతవరకు వచ్చిందని అడిగితే పిన్ని, "ఇంకా 'బి' దగ్గరే ఉన్నామే! అయిపోయిందనుకున్న 'ఏ'లోకి కూడా కొత్తవి వచ్చి చేరుతున్నాయి" అని ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదులో ఎంత సంతోషమో. ఆ వయసులో ముందున్న కాలం రోజురోజుకీ తరిగిపోతోందని దిగులుపడేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఇద్దరి పక్కన కూర్చున్నంతసేపూ మాత్రం నాకు, కాలం వాళ్ల ముందు కొత్తకొత్తగా వచ్చి చేరుతున్నట్టే అనిపించింది.