సమాధి మీద ఎర్ర గుర్తు

మా ఆయన సమాధి మీద పలక పెట్టించేటప్పుడు నేను ఒక్కదాని మీదే పట్టుబట్టాను. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు తప్ప ఇంకేమీ చెక్కకూడదని. మా మరిదికి మార్కాపురంలో సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. చుట్టుపక్కల ఎవరి సమాధి ఎట్లా కట్టారో అతనికి బాగా తెలుసు. పింగాణీ బిళ్ళ మీద ఫొటో వేయిద్దామన్నాడు, పైన చిన్న గోపురం కట్టిద్దామన్నాడు, పుస్తకాలు చదువుతావు కదా వదినా, మంచి పద్యం ఒకటి నువ్వే చూడు అన్నాడు. పుస్తకాలు చదువుతాను కాబట్టే వద్దన్నాను. సిమెంటు దిమ్మె మీద నల్లటి మార్కాపురం పలక పరిచారు. దాని మీద మూడే వరుసలు. నాకు అది చాలు.

మా చేను కంభం నుంచి గిద్దలూరు పోయే దారి పక్కన ఉంది. రోడ్డు వెడల్పు చేయడానికి దారి వైపు ముక్క తీసుకున్నారు. సమాధి కొత్త హద్దు రాయికి కొంచెం ఇవతల మిగిలిపోయింది. ఆ కొలతలప్పుడు నేను రోజూ వెళ్ళి నిలబడేదాన్ని. అది మిగిలిందని తెలిశాక నిశ్చింతగా ఇంట్లో కూర్చున్నాను.

తర్వాత ఒక ఉదయం ఊడ్చి వద్దామని వెళ్తే సమాధి మీద పసుపురంగు మూడు కాళ్ళ స్టాండు నిలబడి ఉంది. దాని మీద కొలతల యంత్రం, యంత్రంలో కన్ను పెట్టి ఒక సర్వేయరు. పలకకు రంధ్రం పొడిచి ఉక్కు మేకు దించారు. మేకు చుట్టూ ఎర్ర రంగుతో త్రికోణం, పక్కన ఇంగ్లీషు అక్షరాలు, కింద సముద్ర మట్టానికి ఆ మేకు ఎంత ఎత్తులో ఉందో ఆ అంకె. రంగు పల్చగా కలిపినట్టున్నారు, కారి ఆయన పేరులో చివరి అక్షరం మీదికి వచ్చింది. దిమ్మె మొదట్లో ఎవరో గుట్కా ఊశారు. అదీ ఎరుపే. ఏది రంగో ఏది ఉమ్మో ఒక్క క్షణం తెలియలేదు. 

"ఏంది ఇది?" అన్నాను.

సర్వేయరు కిందికి దిగాడు. గోదావరి జిల్లా మనిషి, ముప్పై దాటి ఉంటాయి. "బెంచ్ మార్కండీ. రోడ్డు ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో దీన్ని పట్టే కొలుస్తాం."

"ఇది సమాధి."

"తెలుసమ్మా. బూట్లు విప్పే ఎక్కాను."

నిజమే. బూట్లు పక్కన జతగా పెట్టి ఉన్నాయి. అతను గట్టిగా మాట్లాడి ఉంటే నేనూ గట్టిగా మాట్లాడేదాన్ని. 

"ఇక్కడంతా నల్లరేగడి కదమ్మా," అన్నాడతను. "ఎండకి పగులుతుంది, వానకి ఉబ్బుతుంది. నేలలో ఏది పాతినా నెల తిరిగేసరికి జరిగిపోతోంది. ఈ పక్కంతా తిరిగి చూశానండి. కదలనిది ఇదొక్కటే కనపడింది."

"తుడిచెయ్యండి."

"ఇప్పుడు చెరిపితే చేసిన కొలతలన్నీ మళ్ళీ చేయాలమ్మా. చేతులెత్తి దణ్ణం పెడతాను."

వచ్చే నెలలో ఆయన సంవత్సరీకం అని, బంధువులంతా వస్తారని, ఆ పలక మీదే ఆయనకు ఇష్టమైనవి వండి పెడతామని చెప్పాను. ఆ లోపల పలక శుభ్రంగా ఉండాలన్నాను. ఇంకోచోట దిమ్మె పోయించి కొలత అక్కడికి మారుస్తానని మాట ఇచ్చాడు.

ఆ దినాల్లో కంది చేలో పని చూసుకుంటూ ఆ కొలతలు ఎట్లా వాడతారో కూడా చూశాను. సమాధి మీద కొలతల యంత్రం బదులు ఒక్కోసారి గుండ్రంగా తిరిగే లేజరు పెట్టేవాళ్ళు. అది చుట్టూ ఒకే ఎత్తులో వెలుగు తిప్పుతుందట. పగలు కంటికి కనపడదు. మట్టి చదును చేసే గ్రేడరుకు దాన్ని పట్టుకునే పరికరం బిగించి ఉంటుంది. డ్రైవరు చెయ్యి వేయకుండానే బ్లేడు తనంతట తాను లేస్తుంది, దిగుతుంది. చూడటానికి బాగుంటుంది. అది ఎక్కడ నిలబడి తిరుగుతోందో తెలియకపోతే నేనూ ముచ్చటపడేదాన్నేమో.

పనివాళ్ళు ఆ గుర్తుకు 'పెద్దాయన' అని పేరు పెట్టారు. నేను కంది మొక్కల చాటున ఉన్నానని తెలియక హనుమంతునిపాడు నుంచి వచ్చిన గ్రేడరు డ్రైవరు కేకేశాడు. "సారూ, పెద్దాయన ఏమంటాండు? దించాల్నా, లేపాల్నా?"

"ఒక జాన దించమంటాండు," అన్నాడు ఇంకొకడు.

"పొద్దున లేపమన్నె కదబ్బా."

"నువ్వు సరిగ్గా ఇనలేదు. పెద్దాయన ఒకసారి చెప్తే మళ్ళ మార్చే మనిషి కాదు."

అందరూ నవ్వారు. మా ఆయన ఏ మాట మీదా గట్టిగా నిలబడిన మనిషి కాదు. శనగ వేద్దామని విత్తనం తెచ్చి, చేనికి చేరేలోపల పొగాకు అయితే ఎట్లుంటుందని అడిగేవారు. ఆ సంగతి ఆ చేలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వాళ్ళ నవ్వు కంటే, ఆయన కాని మనిషిని ఒకణ్ణి ఆ పలక కింద పడుకోబెట్టడం నాకు ఎక్కువ రోత పుట్టించింది.

మరిదికి ఫోను చేస్తే మరునాడే వచ్చాడు. నా తరఫున పోట్లాడతాడనుకున్నాను. సమాధి చుట్టూ తిరిగి చూసి, గుర్తు పక్కన నిలబడి ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

"ఉండనీ వదినా," అన్నాడు. "అది ఉన్నన్ని దినాలు దీని జోలికి ఎవడూ రాడు. పక్క చేనోళ్ళ తాత సమాధి చూసినావా? యాడుందో చెప్పు చూద్దాం."

పక్క చేనులో మట్టి కుప్ప ఉంది. సమాధి లేదు. అదీ హద్దుకు ఇవతలే ఉండేది.

"అయితే ఆ ఎర్ర రంగు మీదే కూడు పెడదామా?"

"పెడితే ఏమి? మా అన్న కాడ్నుంచే రోడ్డంతా కొలుస్తాండారు. ఎంతమందికి దొరుకుతాది అట్లాంటిది? నువ్వు పద్యం వద్దంటివి, ఫొటో వద్దంటివి. వాళ్ళొచ్చి ఎట్ల రాసినారో చూడు."

వేళాకోళానికి అన్నాడని మొదట అనుకున్నాను. కాదు. ఆ సాయంత్రానికి ఆ ఫొటో బంధువులందరి ఫోన్లలోకి పోయింది. కింద దండాలు పెట్టిన బొమ్మలు. గిద్దలూరు నుంచి మా పిన్నత్త ఫోను చేసి, గవర్నమెంటోళ్ళు మీ ఆయనకు రాయి ఏసినారంట గదా, అదృష్టవంతుడు అంది. నేను ఫోను పెట్టేశాను.

సర్వేయరు మాట నిలబెట్టుకున్నాడు. సంవత్సరీకం పది దినాల్లోకి వచ్చిందనగా కల్వర్టు పక్కన లోతుగా కాంక్రీటు దిమ్మె పోయించి, కొలత అక్కడికి మార్చి, నాకు కబురు చేశాడు. మేకు తనే పీకి రంధ్రం పూడ్చాడు. నేను రంగు కరిగించే థిన్నరు, కొబ్బరి పీచు తీసుకెళ్ళి పలక తుడిచాను. పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది, రంగు లోపలికి దిగింది. ఎంత రుద్దినా లేత గులాబీ మరక మిగిలింది. అయినా ఇంగ్లీషు అక్షరాలు పోయాయి, అంకె పోయింది. మూడు వరుసలే మిగిలాయి. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

రెండు దినాలు గడిచాయి. మూడో ఉదయం వెళ్తే సమాధి కనపడలేదు. దాని మీద కంకర కుప్ప ఉంది. టిప్పరు వెనక్కి వచ్చి దిమ్మెకు తగిలి, ఆగిన చోటే పోసి పోయింది. కూలీలు నాతోపాటు కంకర తీశారు. పలక ఒక మూల పొరలు లేచి విడిపోయింది. ఆయన పుట్టిన ఏడు ఆ పొరలతో పోయింది.

డ్రైవరును పిలిపించారు. "రంగు కనపడలే మేడం," అన్నాడు. "ముందు ఈడ ఎర్రగుర్తు ఉంటుండె, చూసుకొని ఆగుతుంటి. గుర్తు లేకుంటే ఏదో దిమ్మె అనుకుంటిమి." అబద్ధం ఆడలేదు, సిగ్గుపడనూ లేదు.

మరిది వచ్చి చూశాడు. చెప్పినా కదా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. పక్క చేనులో మట్టి కుప్ప వైపు చూసి, "ఇంకా చానా నెలలు పోస్తార్లే వదినా కంకర," అని మాత్రం అన్నాడు.

నేను సర్వేయరు దగ్గరికి నడిచి వెళ్ళాను. గుర్తు మళ్ళీ వేయమన్నాను.

 అతను వచ్చి, స్టాండు నేల మీదే నిలబెట్టి, కల్వర్టు దిమ్మె నుంచి కొలిచాడు. రెండోసారి కొలిచాడు.

"కదిలిందమ్మా," అన్నాడు. "ఒక పక్కకి కుంగింది. ఇక కొలతకి పనికిరాదు."

"కొలతకు కాదు. లారీలకు."

"అంకె రాయలేనండీ. అది తప్పు అంకె అవుతుంది. ఎవరైనా నమ్మితే కష్టం."

"అంకె వద్దు. త్రికోణం చాలు."

"ఈసారి కారకుండా వేస్తానమ్మా," అన్నాడు.  రంగు డబ్బా మూత నేనే తీసి ఇచ్చాను. అచ్చు పెట్టి, అంచులు టేపుతో అంటించి, శ్రద్ధగా వేశాడు. చివరికి రోడ్డు మీది నుంచి కనపడుతుందో లేదో నడిచి వెళ్ళి చూసి వచ్చాడు. కనపడింది. పోయే లారీలన్నీ దూరంగా తిరిగి పోసాగాయి.

సంవత్సరీకం నాడు ఉదయం వానతుంపర పడింది. రాత్రే సర్వేయరు మనుషులు రెండో పూత వేశారట, ఆరలేదు. విస్తరి త్రికోణానికి కిందుగా, ఆయన పేరు మీద పరిచాము. మరిది నీళ్ళు వదిలాడు. బంధువుల్లో ఎవరో ఫొటో తీశారు. రోడ్డు మీద గ్రేడరు ఆపలేదు. నేను వంగి విస్తరి సర్దుతుంటే అరచేతికి రంగు అంటింది. కడిగాను, పోలేదు. రంగు వేసినవాళ్ళు పక్కన వదిలిపోయిన థిన్నరుతో తుడిచి మళ్ళీ కడిగాను. ఎరుపు పోయింది, వాసన పోలేదు. అందరూ నాకోసం నిలబడి ఉన్నారు. ఆ చేత్తోనే జొన్నన్నం, గోంగూర కలిపి ముద్ద చేసి పెట్టాను.