అల ఖాతాలో రాయనివ్వలేదు

పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా దీదీ పోయారని ఫోన్ వచ్చింది. ఆసుపత్రి రికార్డు గదిలో నాకు పని నేర్పిన పెద్దావిడ. మా ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ దీదీయే. గోల్ ఘర్‌లోని ఆవిడ ఇంటికి వెళ్లేసరికి మరణానికి సంబంధించిన కాగితం బల్ల మీద ఉంది. కారణం: గుండె ఆగిపోవడం. నాకు ఒళ్లు మండిపోయింది. "గుండె అందరికీ ఆగుద్ది. ఎందుకాగిందో రాయమను" అంటూ ఇలాంటి కాగితాలు ఎన్ని వార్డులకు తిప్పి పంపారో! ఈ ఒక్కటీ తిప్పి పంపడానికి ఆవిడ లేరు.

రోగి ఫైలు చదివి, డాక్టరు రాసిన జబ్బుకు లావుపాటి పుస్తకంలో ఉన్న కోడ్ వెయ్యడం మా పని. పుట్టుకతో వచ్చిన లోపాలకు క్యూ అక్షరంతో, దెబ్బలకు ఎస్ అక్షరంతో కోడ్‌లు మొదలవుతాయి. ఫైల్లో "చెయ్యి లేదు" అని మాత్రమే ఉంటే దీదీకి పూనకం వచ్చేది. తెల్లకాగితం మీద తన అరచెయ్యి ఆనించి చుట్టూ గీత గీసేవారు. "ఇందులో ఎంత లేదో కొట్టెయ్యమను డాక్టర్ సాబ్‌ని" అంటూ నన్ను తరిమేవారు. ఆ డాక్టర్లు విసుక్కునేది నా మీద. ఆదివారం అన్నం ముందు కూర్చుంటే ఫోన్: "అది కుడా, ఎడమా?" ఫ్యాన్ వేస్తే జలుబు చేస్తుందని ఆవిడ నమ్మకం. పోర్ట్ బ్లెయిర్ ఉక్కలో మమ్మల్ని ఏళ్ల తరబడి ఉడకబెట్టారు.

సునామీ తర్వాత, హట్ బే నుంచి వచ్చి తుష్నాబాద్‌లో అత్తవారింట తలదాచుకున్న ఒకావిడ చంటిపిల్లను ఎత్తుకుని మా గదికి వచ్చింది. పిల్ల ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. కృత్రిమ చెయ్యి కోసం మెయిన్‌ల్యాండ్‌కు పంపిన ఫైలు తిరిగొచ్చింది. వాళ్లు మొదట ఉన్న సునామీ శిబిరంలో ఎవరో "సునామీలో చెయ్యి పోయింది" అని రాశారు. మా డాక్టరేమో మణికట్టు చివర పెసరగింజల్లాంటి వేలి మొలకలు చూసి, పుట్టుకతోనే అని రాశారు. ఏదో ఒకటి తేల్చమన్నారు. పుట్టినప్పటి కాగితాలు ఇంటితో పాటే కొట్టుకుపోయాయి. అవే తెమ్మని ఒక ఆఫీసు, అవి లేవని రాయించుకు రమ్మని ఇంకో ఆఫీసు. ఎవరి చేత రాయించాలి, సముద్రం చేతా?

"సునామీ అనే రాసీయండి దీదీ," అని ఆ తల్లి బతిమాలింది. "పిల్ల పుట్టినకాడి నుంచి మా అత్త నన్ను తినీస్తంది. గ్రహణంలో బయట తిరిగానంట. క్యాంపులో ఎవరూ ఆ మాట అనలేదు. అల పట్టుకుపోయిందనుకుని బిడ్డని ముద్దు సేసినారు. ఒక్క కాగితమైనా నా పక్కన ఉండనీండి."

"రాసేద్దాం దీదీ. ఎవరికి నష్టం?" అన్నాను. నాకూ విసుగొచ్చింది.

"పిల్లకి నష్టం. దెబ్బ అని రాస్తే తెగిన సెయ్యికి సేసే వైద్యం గురించి ఆలోసిస్తారక్కడ. ఎదిగాక ఈ పిల్లే అడిగితే ఏటి సెప్తావ్? అల సేసింది సాలదా? సెయ్యనిది కూడా దాని ఖాతాలో రాయాలా?"

తల్లి ఏడ్చింది. ఓదార్చడం దీదీకి చేతకాదు. లావుపాటి పుస్తకం తెచ్చి ఆమె ముందు తెరిచారు.

"ఇటు సూడు బేటీ. సేతులూ కాళ్లూ తక్కువగా పుట్టిన పిల్లలకి ఇన్ని కోడ్‌లున్నాయి. అమ్మ తప్పు అని ఒక్కటీ లేదు. గ్రహణం అని లేదు. ఉంటే నాను ఏసీదాన్నే, నా సంగతి నీకు తెల్దు."

అక్కడితో ఊరుకుంటే దీదీ ఎందుకవుతారు? తుష్నాబాద్ బస్సెక్కారు. పుస్తకం మోసింది నేను. ఇరుగుపొరుగు వింటుండగా అత్తగారికి అంతా మళ్లీ చెప్పారు.

"మరైతే ఎవరి తప్పమ్మా?" అంది ముసలామె.

"ఎవరిదీ కాదు. కోపం ఎవరి మీదైనా సూపించాలంటే నా మీద సూపించు. నాకలవాటే."

ముసలామె ఆ రోజు లోపలికి వెళ్లిపోయింది. తర్వాతిసారి ఆసుపత్రికి మాత్రం మనవరాలిని తనే ఎత్తుకుని వచ్చింది.

ఫైలు క్యూ కోడ్‌తోనే వెళ్లింది. కృత్రిమ చెయ్యి వచ్చింది. కొన్నాళ్లకు బిగుతై అటక ఎక్కింది. ఆ తర్వాత వికలాంగుల సర్టిఫికెట్ గడువు ముగిసినప్పుడల్లా పిల్లను తెచ్చి చూపించమనేవారు. "మొలిసిందేమో సూద్దామనా?" అని దీదీ కౌంటర్ దగ్గర గొంతెత్తేవారు. రిటైరయ్యాక కూడా వాళ్లతో పాటు తిరిగారు, శాశ్వతమని రాసిచ్చేదాకా.

ఇంత విసిగించిన మనిషి నాకు మళ్లీ దొరకరు. ఈ రోజుకీ ఫైల్లో కుడో ఎడమో రాయకపోతే నా చెయ్యి ముందుకు సాగదు. వార్డుకు ఫోన్ చేస్తాను, తిట్లు తింటాను.

దీదీ పోయిన రోజు మధ్యాహ్నం ఆవిడ ఇంటి వరండాలో ఆ తల్లీకూతుళ్లు కనిపించారు. దీదీ మనవరాలు ఏడ్చి ఏడ్చి జుట్టు రేపుకుంటే, ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, ఇప్పుడు పెద్దదైన ఆ అమ్మాయి జడ వేస్తోంది. పాయను ఎడమ మణికట్టుతో నొక్కిపట్టి, కుడిచేత్తో అల్లుతోంది. పక్కింటావిడ జాలిగా అడిగింది: "అరే, బేటీ చెయ్యి సునామీలో పోయిందా?"

"నహీ జీ," అంది తల్లి, గొంతు తగ్గించకుండా. "నా కూతురు ఇలాగే పుట్టింది."

అమ్మాయి తలెత్తలేదు. పళ్ల మధ్య రబ్బరు బ్యాండు పట్టుకుని, జడ చివరిదాకా అల్లుకుంటూ పోయింది.