విలన్‌తో చేతులు కలిపిన రోజు

ఒక్క మీట నొక్కి, నిండు సభలో మా కాలేజీ పరువును కృష్ణలో కలిపేసిన చరిత్ర నాది. నవ్వకండి, ముందు వినండి.

మాది నందికొండ. మా నాన్న, అదే మా బాపు, అక్కడ కృష్ణ మీది డ్యామ్ గేట్ల దగ్గర పనిచేసేవాడు. అన్నం ముందు కూర్చున్నా మా ఇంట్లో నీళ్ల ముచ్చటే. డిగ్రీకి మహబూబ్‌నగర్ హాస్టల్లో చేరాక, నా గదిలో ఉండే నస్రీన్ నాకు వీడియో గేముల పిచ్చి గజ్జిలా అంటించింది. ఆట వచ్చింది గానీ బుద్ధి అడ్డం తిరిగింది. ఏ గేమ్ ఆడినా నా మనసు విలన్ వైపే పోయేది. మీరే చెప్పండి. విలన్ ఏళ్లకేళ్లు కష్టపడి కోట కట్టుకుంటాడు, వందలమందికి కొలువులిస్తాడు. ఈ హీరో ఉన్నాడే, పనీపాటా లేకుండా తిరుగుతూ, పిలవని ఇంట్లో జొరబడి, కుండలు పగలగొట్టి, అందులోని నాణేలు జేబులో వేసుకుంటాడు. మన గల్లీలో ఎవడైనా ఆ పని చేస్తే స్తంభానికి కట్టేయమూ?

"నీకేమన్న మెంటలా? వాడు రాక్షసుడే!" అని నస్రీన్ నెత్తి కొట్టుకునేది.

"రాక్షసుడైతేంది? కష్టం చేస్తలేడా?" అనేదాన్ని.

అలాంటి నన్ను, వేళ్లు చురుగ్గా ఆడతాయన్న ఒక్క కారణంతో, కాలేజీల వీడియో గేముల పోటీకి పంపారు. మా కాలేజీకి అంతకుముందు ముగ్గుల పోటీలో కూడా కప్పు రాలేదు. ప్రిన్సిపాల్ గారు కప్పు కోసం ముందే అద్దాల బీరువాలో జాగా ఖాళీ చేయించారు. కంప్యూటర్ సారు, నస్రీన్ నా వెనకే నిలబడ్డారు.

ఎట్లా గెలిచానో తెలియదు, ఫైనల్‌కు వచ్చాను. పక్క కుర్చీలో ఇంకో కాలేజీ పిల్లవాడు. అక్కడ ఎవరూ చూడని కొత్త గేమ్ ఇచ్చారు. "కథ ముగింపు ఎవరికి ముందొస్తే వాళ్లే గెలిచినట్టు" అని నిర్వాహకుడు మైకులో చెప్పాడు. కథేమిటంటే, ఒక రాక్షసుడు నదికి ఆనకట్ట కట్టాడు. హీరో వెళ్లి దాన్ని బాంబుతో పేల్చేయాలి!

బాంబు పట్టుకుని ఆనకట్ట ఎక్కాను. ఎక్కి, గేట్లు లెక్కపెడుతూ నిలబడ్డాను.

"పెట్టవే బాంబు!" నస్రీన్ అరిచింది.

"ఎట్ల పెట్టాలె? గేట్లు జూడు, ఎంత మంచిగున్నయో! కింద పొలాలున్నయే!"

"గవి బొమ్మ పొలాలే తల్లీ!"

"అమ్మా, జర జల్ది పలగ్గొట్టు. పక్క పిలగాడు అప్పుడే సగం పలగ్గొట్టిండు!" అని సారు బతిమాలాడు.

అంతలో రాక్షసుడే తెర మీదికి వచ్చాడు. 'వీరుడా, మనకెందుకీ యుద్ధం? నాతో చేతులు కలుపుతావా?' అన్నాడు. కింద అవును, కాదు అని రెండు మీటలు. బుర్ర ఉన్నవాళ్లెవరైనా 'కాదు' నొక్కుతారు. నేనేమో, ఇంత మర్యాదగా అడిగినవాణ్ణి కాదనడం ఎలాగని 'అవును' నొక్కేశాను.

తెర నల్లబడింది. తర్వాత వెనక నుంచి ఎవరో "అమ్ముడువోయింది రో!" అన్నారు. ఇక నవ్వులకు పైకప్పు లేచిపోయింది. నస్రీన్ చున్నీతో మొహం కప్పుకుంది. సారు గోడకు ఆనుకుని, "ప్రిన్సిపాల్‌కు ఏం మొహం జూపియ్యాలె?" అని గోడనే అడుగుతున్నాడు. నేను కుర్చీలో కుంచించుకుని రేగుపండంత అయిపోయాను.

అప్పుడు నల్లతెర మీద అక్షరాలు మెల్లగా వచ్చాయి. 'ఇద్దరూ కలిసి రాజ్యమేలారు. కథ సమాప్తం.'

నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు. "గిదెట్ల గెలుపైతది చెల్లె? నువ్వు రాక్షసుణ్ణి సంపలే గద!"

నస్రీన్ చున్నీ లాగేసింది. "ముగింపు ముందెవరికొస్తే వాళ్లే గెలిచినట్టని నువ్వే అన్నవ్ గదన్నా! సంపాలని చెప్పినవా?"

"చెప్పలే గని..."

"ఇగ గనీ లేదు గినీ లేదు. కప్పు తెస్తవా, మేమే తెచ్చుకోవాల్నా?"

పక్క పిల్లవాడు చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి, "ఏమైందన్నా?" అన్నాడు. "అయిపోయింది తమ్మీ" అన్నాడు నిర్వాహకుడు. "నేనింకా పలగ్గొడుతనే ఉన్న గద!" అని వాడు నోరు తెరిచాడు.

ఇంతకుముందు నవ్విన హాలే ఈలలతో దద్దరిల్లింది. కప్పు ఎత్తుకున్న నన్ను నస్రీన్ ఎత్తుకుంది.

బాపుకు ఫోన్ చేశాను. "గెలిచిన బాపూ! రాక్షసునితోని కలిసిపోయి, ఆనకట్టను కాపాడిన."

"మంచిపని చేసినవ్ బిడ్డా. గేట్లు ఖరాబ్ గాలే గద?" అన్నాడు బాపు.

ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. నలుగురి ముందు, కాలేజీ పరువు పణంగా పెట్టి, ఇంకెన్నడూ విలన్‌తో చేతులు కలపను. కలపాలని అంత ముచ్చటపడే విలన్లు నేరుగా ఇంటికే రావాలి. చాయ్ పోసి మాట్లాడతాను.