రేపల్లె లేతు, ఆదివారం తాళం

1988 వేసవిలో తెనాలిలో ఒక రిపేరు వర్క్‌షాపులో నేను హెడ్ ఫిట్టర్ని. పెద్ద హోదా ఏమీ కాదు. మిషను విప్పేటప్పుడు ఏది విరిగినా మాట పడేవాడే హెడ్ ఫిట్టరు. ఒక శుక్రవారం ఓనరు నన్ను రేపల్లె పంపాడు. అక్కడ రూతమ్మ అనే ఆవిడ షెడ్డులో ఒక పాత లేతు ఉంది. ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషనది. ఆవిడ భర్త టర్నరు. పడవల ఇంజన్లకు షాఫ్టులు చేసేవాడు. ఆయన పోయాక షెడ్డు తెరవలేదు. ఏళ్ల తరబడి ఉప్పు గాలికి మిషను మొత్తం ఎర్రబడిపోయింది.

బాపట్ల టర్నరొకాయన ఆ షెడ్డునీ లేతునీ అద్దెకు తీసుకుంటానన్నాడు. సోమవారం వచ్చి చూస్తాడు. క్యారేజీ, అంటే ఉలిని పట్టుకుని అటూ ఇటూ జరిగే భాగం, కదిలితే బేరం ఖాయం. కదలకపోతే అదే రోజు పాత ఇనుము కొనేవాళ్ల లారీ వస్తుంది. ఆవిడ మరిది ముందే మాట్లాడి పెట్టాడు. లేతు పోతే అద్దె లేదు, అద్దె లేకపోతే ఆవిడకి మరిది ఇంట్లో చేయి చాచడమే.

క్యారేజీ ముందు వేలాడే పెట్టెని ఏప్రన్ అంటారు. అది దించితేగాని లోపల పట్టేసిన పళ్లచక్రాలు వదలవు. దాన్ని పట్టుకుని ఉన్నవి నాలుగు స్క్రూలు. శుక్రవారం వాటి తలల మీది గాడుల్లో తుప్పు గీకి, కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోశాను. శనివారం స్క్రూడ్రైవరుకి స్పానరు తగిలించి బలం పెట్టాను. ఒకటి వచ్చింది. రెండో దాని గాడి ఒక పక్క ఊడిపోయింది. మిగతా రెండూ ఉలకలేదు. ఇక ఉలి ఆనించి సుత్తితో కొట్టి తిప్పడమే మిగిలింది. కింద ఉన్నది పోత ఇనుము. దెబ్బ తేడా పడితే చిట్లుతుంది, చిట్లితే ఆ భాగం ఎక్కడా దొరకదు. అయినా రేపు అదే చేద్దామనుకున్నాను.

సాయంత్రం రూతమ్మ తాళం పట్టుకుని వచ్చింది.

"రేపు పొద్దున్నే వచ్చి మొదలెడతానమ్మా."

"రేపు ఆదివారం అన్నయ్యా. షెడ్డు తెరవను."

"ఎల్లుండి లారీ వస్తుందమ్మా!"

"రానీండి. ఆయన ఉన్నప్పుడు పడవలవాళ్లు గుమ్మంలో కూర్చుని బతిమాలినా ఆదివారం మిషనుకి బెల్టు ఎక్కించలేదు. లారీవాడి కోసం తెరుస్తానేంటి?"

నాకు ఒళ్లు మండింది. "దేవుడొచ్చి విప్పుతాడా స్క్రూలు?" అన్నాను.

"విప్పకపోతే పోనీండి. మీరైతే రేపు సుత్తి ఎత్తరు. మధ్యాహ్నం భోజనానికి రండి, కోడిని కోస్తున్నాం."

రేపు ముట్టుకునే వీలు లేదు కాబట్టి, ఆవిణ్ణి కాస్త తడిపిన గోధుమపిండి అడిగాను. స్క్రూల చుట్టూ ఆ పిండితో కట్ట కట్టి, మధ్యలో నూనె నిండా పోశాను. రూతమ్మ చూసి నవ్వింది. "మిషను మీద గారెలు తట్టారేంటన్నయ్యా?"

ఆదివారం భోజనమయ్యాక షెడ్డు తెరవమని మళ్లీ అడిగాను. ఆవిడ కొంగు చివర ముడి చూపించింది. తాళంచెవి అందులో ఉంది. నేను అరుగు మీద కూర్చుని మూసిన తలుపునే చూస్తూ పొద్దు గడిపాను.

సోమవారం తెల్లవారగానే తెరిచాం. పిండికట్టల్లో నూనె సగానికి దిగి ఉంది. అంటే స్క్రూల మరల్లోకి పాకిందన్నమాట. స్క్రూని విప్పే ముందు వెంట్రుకవాసి బిగించాలి, తుప్పు పట్టు వదలడానికి. బిగించాను. టిక్కుమంది. ఆ చప్పుడు కోసమే మేము బతికేది. వెనక్కి తిప్పితే వచ్చింది. ఉలకని ఇంకోటీ వచ్చింది. గాడి ఊడిన దానికి రంపపు బ్లేడుతో అడ్డంగా కొత్త గాడి కోస్తే అదీ వచ్చింది. ఏప్రన్ దించి, కడిగి, నూనె పెట్టి ఎక్కించాను. సుత్తి సంచిలోంచి తీయలేదు.

బాపట్ల ఆయన వచ్చి క్యారేజీని జరిపే చేతిచక్రం తిప్పాడు. క్యారేజీ ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్లింది. "ఏంటి మేస్త్రిగారూ, మా బాపట్ల మిషనుకన్నా ఇదే నయంగా ఉందే!" అన్నాడు.

రూతమ్మ ఒక్క షరతు పెట్టింది, ఆదివారం షెడ్డు తెరవకూడదని.

"పడవలవాళ్లు ఆగుతారంటారా?"

"ఇదివరకు ఆగారండి. ఇప్పుడూ ఆగుతారు."

ఆయన ఒప్పుకున్నాడు. లారీవాడు డీజిలు దండగయిందని మరిదిని తిట్టుకుంటూ ఖాళీగా పోయాడు. స్క్రూలు వదిలింది ప్రార్థన వల్లేనని రూతమ్మ, నూనె వల్లేనని నేను. నా సుత్తి వల్ల కాదని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

తర్వాత నందివెలుగు రోడ్డులో సొంత షెడ్డు పెట్టాను. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, నా చేత్తో రాసిన మొదటి బోర్డు "ఆదివారం పని లేదు". "చర్చిలో కలిశారా మేస్త్రిగారూ?" అని అడిగేవారు. లేదండి, శనివారం నూనె పోస్తాను, అనేవాణ్ణి.

ఈ పని నేర్చుకునేవాళ్లకు చెప్పేదింతే. తుప్పు పట్టిన స్క్రూకి నూనె పోశాక ఒక రోజంతా ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండటం ఫిట్టరుకి చేతకాదు. అందుకని షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టాలి.