బాబాయి వెనక, నేను ముందు

ఆ రోజుల్లో నా అంత తెలివితక్కువవాడు జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఇంకొకడు ఉండేవాడేమో నాకు తెలీదు. ఉన్నా మా ఇద్దరికీ పరిచయం లేదు. తెలియక చేసిన తప్పుని ఎవరైనా క్షమిస్తారు. నాది అన్నీ తెలుసనుకుని చేసిన తప్పు. నందిగామలో ఓ ప్రైవేటు బడిలో సోషల్ చెప్పుకుంటూ, పిల్లలకి నాలుగు దిక్కులూ నేర్పుతూ, ఆదివారం వచ్చేసరికి నేను పదకొండు మోటారు సైకిళ్లకి నాయకుణ్ణని ఏడాదిపాటు నిజంగా నమ్మాను. నమ్మడంతో ఊరుకుంటే బాగుండేది. స్టాఫ్‌రూములో చెప్పాను కూడా.

బాబాయి అంటే నాకు వరసైన బాబాయి కాదు. పేటలో స్పేర్ పార్టుల కొట్టు నడిపిన సాయిబుగారు. కోదాడ నుంచి కంచికచర్ల దాకా బుల్లెట్ ఉన్న ప్రతివాడికీ ఆయన బాబాయే. రిటైరైన తహసీల్దారు కూడా ఆయన్ని 'బాబాయ్' అని పిలిచేవాడు, ఆయన ఏ మొహమాటమూ లేకుండా 'ఏరా' అని పలికేవాడు. ఆయన బండి ఆ పాత రకం. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. (నేనొకసారి సరదాపడి ఎక్కి, గేరు మారుద్దామని బ్రేకు తొక్కి, గౌరవంగా దిగిపోయాను.) కొట్టులో కళ్లు మూసుకుని కూర్చుని, రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని, 'వాణ్ణి ఆపండ్రా, చైను ఇంకో పది కిలోమీటర్లు రాదు' అనేవాడు. ఆపి చూస్తే చైను ఆయన అన్నట్టే తెగడానికి సిద్ధంగా ఉండేది. అంతటి మనిషి ఎవరితోనూ ఊరికే 'నీకు బండి వచ్చిందిరా' అనడు. ఆయన ఆ మాట అన్నవాడు పేటలో కాస్త ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. లైసెన్సు అందరికీ ఇస్తారు, ఆ మాట ఇవ్వరు. నాకు ఆ మాట కావాలి. జీతం పెరగాలని కూడా అంతగా కోరుకోలేదు.

కొత్త బండి కొనుక్కుని మొదటి ఆదివారం చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గరికి వెళ్లాను. అక్కడే అందరూ కలుసుకునేవాళ్లు. బాబాయి నన్ను, నా బండిని, నేను హెల్మెట్ పెట్టుకున్న తీరుని ఓసారి చూసి, 'ఒరే మాస్టారూ, నువ్వు ముందు నడు' అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశా, ఇంకో మాస్టారు ఎవరైనా ఉన్నారేమోనని. లేరు. 'ముందున్నవాణ్ణి ఎవడూ దాటకూడదు, గుర్తుందిగా?' అని మిగతావాళ్లని హెచ్చరించి, తను పనిముట్ల సంచీ కట్టుకుని అందరికన్నా చివర నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా నడుపుతున్న టైర్ల అన్న (పేటలో ఆయనది టైర్ల షాపు) నా వెనక పదో వాడు. మొదటి రోజే నాలో ఏదో కనిపెట్టాడు బాబాయి అనుకున్నా. కనిపెట్టాడు, నిజమే.

ఆ తర్వాత నా వేషాలు చెప్పుకోకూడదు గానీ, చెప్పకపోతే మీకు న్యాయం జరగదు. నల్ల గ్లవ్స్ కొన్నాను. గుంట వస్తే చెయ్యి చాపి చూపించడం, ఆగాలంటే పిడికిలి ఎత్తడం అద్దం ముందు సాధన చేశాను. నేను ఎంత గంభీరంగా పిడికిలి ఎత్తేవాణ్ణంటే, ఒకసారి మాతో సంబంధం లేని ఆర్డినరీ బస్సు కూడా ఆగింది.

మిరపకాయలు ఎండబెట్టే కాలంలో ఓ ఆదివారం చెవిటికల్లు వెళ్లి కృష్ణ ఒడ్డున కూర్చుందామన్నారు. కంచికచర్లలో తిరగాల్సిన చోటు ఎక్కడో నాకు సరిగ్గా తెలీదు. జేబులో ఫోనుంది, ఫోనులో మ్యాపుంది. కానీ నాయకుడన్నవాడు రోడ్డు పక్కన ఆగి ఫోను చూసుకుంటే ఏం బాగుంటుంది? ధీమాగా చెయ్యి చాపి తిప్పాను. తారు రోడ్డు మట్టి రోడ్డయింది, మట్టి రోడ్డు బండ్ల బాటయింది, బాట ఓ మిరప కల్లంలోకి పోయి ఆగిపోయింది. ఎదురుగా ఎర్రగా పరిచిన కాయలు. వెనక పదకొండు బళ్లు. దుమ్ము, ఘాటు, తుమ్ములు. అంతమందీ నా వెనకే వచ్చారు. ఒక్కడూ హారన్ కొట్టలేదు, దాటలేదు, బాబాయి మాట అలాంటిది.

కల్లం రైతు కండువా దులుపుకుంటూ వచ్చి, 'ఏంటండీ, ఇంతమంది? బేరానికొచ్చారా?' అన్నాడు. నేను నోరు తెరిచాను, తుమ్మొచ్చింది. ఇంతలో చివరి నుంచి బాబాయి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఇవాళ్టితో నా పని అయిపోయిందనుకున్నా. ఆయన వంగి ఓ కాయ తీసి, విరిచి, వాసన చూసి, 'అవునండి. మంచి కాయ ఎక్కడుందో మా మాస్టారికి తెలుసంటే వెనకే వచ్చాం' అన్నాడు. అందరూ తలో రెండు కేజీలు తూయించుకున్నారు. టైర్ల అన్న మూతి బిగించి, భుజాలు కదలకుండా నవ్వడానికి నానా తంటాలు పడ్డాడు. దారిలో బాబాయి ఆ ఊసే ఎత్తలేదు. చివర నుంచి ఆయనకి మొదటి మలుపులోనే తెలిసిపోయిందని తర్వాత తెలిసింది. ఒక్క హారన్ కొడితే చాలు, కానీ పదిమందిలో నన్ను ఆపడం ఇష్టంలేక కల్లం దాకా వచ్చాడు.

ఏడాది తిరిగేసరికి నందిగామ ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ బండి కొనుక్కుని వచ్చింది. క్లచ్ వదిలితే బండి కప్పలా గెంతుతోంది. బాబాయి ఆవిణ్ణి చూసి, 'అమ్మాయ్, నువ్వు ముందు నడు' అన్నాడు. నాతో, 'నువ్వు వెనక్కి రా, నా ముందు' అన్నాడు. అంటే పన్నెండో స్థానం! నా కళ్లలో నీళ్లు తిరిగాయి (ఎవరికీ కనపడకూడదని హెల్మెట్ తియ్యలేదు). టీ కోసం ఆగినప్పుడు ఆయన్ని పక్కకి పిలిచి, 'బాబాయ్, నా వల్ల తప్పేం జరిగింది? మిరపకాయల సంగతేనా? లీడరు పని ఎందుకు తీసేశారు?' అన్నాను.

'లీడరా?' అన్నాడు బాబాయి.

'అదే, ముందు నడవడం.'

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, గోడ పట్టుకుని నవ్వాడు. గడ్డం తడిసేదాకా నవ్వాడు. 'ఒరే మాస్టారూ, అందరిలోకీ బండి రానివాణ్ణి ముందు పెడతాంరా! వాడెంత మెల్లగా పోతే అందరూ అంత మెల్లగా పోతారు. వెనక పెడితే మమ్మల్ని అందుకోవాలని ఎగేసుకొచ్చి ఏ లారీ కిందో పడతాడు. ఏడాదిగా నువ్వేమనుకున్నావ్?'

నాకు స్టాఫ్‌రూము గుర్తొచ్చింది. బాబాయి కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు. 'నీకు భయమేస్తే ఎడమ భుజం పైకి లేస్తుంది. ప్రతి మలుపులో నీ భుజమే చూసేవాణ్ణి. నెల్లాళ్లుగా అది లేవట్లేదు. నా ముందున్న చోటు ఎవడికి పడితే వాడికి ఇవ్వను. నీకు బండి వచ్చిందిరా.'

పది బళ్ల అవతల నుంచి, దుమ్ములో, ఆ వయసులో, నా భుజం. నేనే ఎప్పుడూ చూసుకోని నా భుజం. ఆయన పోయి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ మలుపులో ఎవరో నా వీపుని జాగ్రత్తగా చూస్తున్నట్టే ఉంటుంది.

అయితే ఆ గౌరవమంతా ఆ పూటకే. మధ్యాహ్నానికల్లా నా 'లీడరు పని' కథ కంచికచర్ల నుంచి పేట దాకా ప్రతి టీకొట్టులోనూ చెప్పాడు, నేను ఎత్తే పిడికిలితో సహా. దాంతో సాయంత్రం తిన్నగా వాళ్లింటికి వెళ్లి, 'పిన్నీ, బాబాయి ఆదివారాలు టీలో మూడు చెంచాల చక్కెర వేయించుకుంటున్నారు. పైన జిలేబీ' అని చెప్పేశాను. షుగరు ఎందుకు తగ్గట్లేదో తెలీక డాక్టర్లని మారుస్తున్న పిన్ని, తర్వాతి ఆదివారం చీర కొంగు నడుముకి బిగించి, తలకి హెల్మెట్ పెట్టుకుని, వచ్చి బాబాయి వెనక సీట్లో కూర్చుంది. 'పోనీండి' అంది. ఆ రోజు నుంచి ఏ ఆదివారమూ మానలేదు.

మొదటి టీకొట్టు దగ్గర చప్పటి టీ గ్లాసు పట్టుకుని బాబాయి నా వైపు తిరిగాడు. 'నిన్ను ఇంకో ఏడాది ముందే ఉంచాల్సిందిరా' అన్నాడు. నేను ఆయన ఎదురుగానే నిలబడి, నా టీలో ఇంకో చెంచా చక్కెర వేయించుకుని, మెల్లగా తాగాను. అంత తియ్యటి టీ మళ్లీ తాగలేదు.