పగటి నిద్రకు కాపలా

మా సైన్సు టీచర్ గారు పోయిన మంగళవారం బస్సులో కన్నుమూశారు. ఈ వాక్యం నా చేత్తో రాసి మళ్ళీ చదువుకుంటే ఎవరో తెలియని మనిషి గురించి రాసినట్టుంది. ఆ బస్సు ఎక్కించింది నేనే. దంతెవాడలో మా ఇంట్లో అన్నం తిని, రెండున్నర బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. “ఎండకి కళ్ళు మూతలు పడుతున్నాయే” అన్నారు. “ఓ కునుకు తీయండి టీచర్” అన్నాను. ఆవిడతో నేనన్న చివరి మాట అదే.

నాలుగు దాటాక ఆవిడ ఫోన్ నుంచే కాల్ వచ్చింది. చేసింది కండక్టర్. కుంట వైపు తెలుగబ్బాయి.

“మేడమ్, టీచరమ్మ నిద్రపోతున్నరనుకున్న. బచేలిల దిగాలె కదా అని దగ్గరికొచ్చి చూసిన. మంచిగ పండుకున్నట్టే ఉన్నరు, లేపబుద్ధి కాలే. ఆఖరి స్టాపు కిరండూల్ దాకా పోయి మళ్ళొచ్చేటప్పుడు దింపుదామనుకున్న. మళ్ళొచ్చినంక ఇక్కడ లేపితే లేవట్లే మేడమ్...”

అతను ఏడుస్తున్నాడు. నేను “ఏంటి? ఏంటి?” అంటూనే ఉన్నాను. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారట. నాకింకా ఆ మాట లోపలికి దిగలేదు.

బచేలి ఇనుప గని టౌన్‌షిప్‌లో నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఆవిడ మాకు సైన్సు చెప్పారు. విజయనగరం నుంచి ఉద్యోగానికొచ్చి, రిటైరయ్యాక ఊళ్ళోనే చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. మా క్వార్టర్ల మధ్య నుంచి బడికి వెళ్తూ, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాళ్ళ ఇళ్ళ ముందు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. మేం వెనక నుంచి నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు వెనక్కి తిరిగి, “నవ్వండి, కానీ నెమ్మదిగా నవ్వండి” అన్నారు.

క్షీరదాల పాఠం ఆవిడ పుస్తకంలోంచి చెప్పలేదు. ఒకే తల్లికి పుట్టిన రెండు కుక్కల్ని చూపించారు. ఒకటి మా క్వార్టర్ల వెనక, ఖనిజం లోడింగ్ జరిగే పట్టాల దగ్గర ఉండేది. రెండోది ఆవిడ పెరట్లో. బడి వదిలాక అరగంటసేపు వాటి నిద్ర చూసి, తల ఎత్తినప్పుడల్లా నోటుబుక్కులో గీత పెట్టమన్నారు. పెరట్లోది వెల్లకిలా పడి, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి పడుకునేది. పట్టాల దగ్గరది వ్యాగన్ కదిలితే చాలు, ఉలిక్కిపడి లేచేది. దాని పేజీ నిండా గీతలే.

“తల్లి ఒకటే, తిండి ఒకటే. మరి నిద్ర ఎందుకు వేరయింది?” అని అడిగారు. తర్వాత ఆవిడే చెప్పారు. బొరియలో భద్రంగా ఉండే జంతువు ఒళ్ళు మరిచి పడుకుంటుందనీ, బయలులో మేసే జంతువు కాస్త కాస్తగా, చెవులు నిక్కబొడుచుకుని కునుకు తీస్తుందనీ. “నిద్ర చూస్తే అది ఉన్న చోటు ఎలాంటిదో చెప్పెయ్యొచ్చు” అన్నారు.

ఆ ఆదివారం నేను నా నోటుబుక్కులో మూడో పేజీ మొదలుపెట్టాను. పైన ‘నాన్న’ అని రాశాను.

నాన్న గనిలో డంపర్ నడిపేవాడు. రాత్రి డ్యూటీ వారాల్లో పొద్దున్నే వచ్చి పడుకునేవాడు. కళ్ళు ఎర్రగా, మాట ముద్దగా, అన్నిటికీ అరుపులు. అమ్మ ఆయన తాగుతున్నాడనే అనుకుంది. ఆ వారమే బండి మట్టి కట్టను గుద్దుకుంది. కట్ట అవతల లోయ. “ఏటయిందో తెలీదే, కళ్ళు తెరిచేసరికి కట్ట మీదున్నాను” అని అమ్మతో అనడం నేను విన్నాను.

టీచర్ గారు మూడో పేజీ చాలాసేపు చూశారు. గీతలు కుక్క కన్నా ఎక్కువున్నాయి. సాయంత్రం మా ఇంటికి వచ్చారు.

అమ్మ ఆవిడ్ని చూడగానే ఏడ్చేసింది. “ఏటి చెప్పమంటారు టీచరు గారూ, తాగేసి పడుకుంటన్నాడు.”

“తాగి పడుకోవట్లేదమ్మా. అసలు పడుకోవట్లేదు. ఇదిగో, నీ కూతురే లెక్కపెట్టింది.”

మర్నాడు ఆవిడే దగ్గరుండి నాన్న మంచాన్ని పట్టాల వైపు గదిలోంచి వెనకనున్న సామాన్ల గదిలోకి మార్పించారు. బడి ల్యాబులోంచి పాత నల్ల తెర తెచ్చి కిటికీకి కట్టారు. వీధిలో పిల్లలందరినీ సెలవు రోజుల్లో తన పెరట్లో ఆడుకోమన్నారు. ఆవిడ మల్లెపాదు ఆ నెలలోనే మా కాళ్ళ కింద పోయింది.

నాన్న మొదటిరోజు ఏడు గంటలు కదలకుండా పడుకున్నాడు. అలవాటు లేని ఆ నిశ్శబ్దానికి అమ్మ భయపడి, వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. బయటికొచ్చి, “ఉన్నాడు, పడుకున్నాడు” అని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాన్న రిటైరయ్యేదాకా మళ్ళీ ఎక్కడా గుద్దలేదు. ఇంకోసారి గుద్దుకుని ఆ కట్ట దాటి ఉంటే నేను ఇవాళ ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు.

బస్సులో ఆవిడ చుట్టూ ఇరవై మంది ఉన్నారు. అంతమందీ ఆవిడ నిద్ర చెడగొట్టకూడదనే అనుకున్నారు. ఎవర్నీ తప్పు పట్టలేను. నేనున్నా అదే చేసేదాన్ని. ఆ సంగతే నన్ను కుదిపేస్తోంది.

ఆవిడ చెల్లెలు బుధవారం రాత్రి విశాఖలో రైలెక్కి, దారంతా కన్ను మూయకుండా గురువారం పొద్దున వచ్చారు. దహనం అయ్యాక టీచర్ గారి ఇంటి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని, ఎవరితోనో మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయారు. మధ్యాహ్నపు ఎండ ఆవిడ ముఖం మీదికి పాకుతోంది. ఎవరో భుజం తట్టబోతే నాన్న చెయ్యి అడ్డుపెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో చాపి, ఎండకి అడ్డంగా నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. నేను పట్టుకుంటానంటే తల అడ్డంగా ఊపాడు. ఎండ జరిగినప్పుడల్లా తనూ ఒక అడుగు జరుగుతున్నాడు.