ఎక్స్‌కి అటూ ఇటూ గీతలు

లెక్కల మేడమ్‌కి ఆ రోజు ఒక్కచోట కాలు నిలవలేదు. బీజగణితం చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ కాలేజీకి కొనాలా, ఫోన్లో ఊరికే దొరికే వెబ్‌సైట్లతో సరిపెట్టుకోవాలా? సాయంత్రం నాలుగింటికల్లా తేల్చి ప్రిన్సిపాల్‌కి రాసివ్వాలి. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుంటుంది, లేస్తుంది, కంప్యూటర్ ల్యాబ్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొస్తుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏ పనీ ఇలా నాన్చింది లేదు. తప్పు ఒప్పుకున్నదీ లేదనుకోండి! కూరలో ఉప్పెక్కువైతే ఉప్పుదే తప్పంటుందని వాళ్ళాయన వేళాకోళం.

ఆవిడ మొగ్గు ఊరికే వచ్చేవాటి వైపే. నెల రోజులు వాడి చూడమని ల్యాబ్‌లో పెట్టిన సాఫ్ట్‌వేర్‌లోనూ, వెబ్‌సైట్లోనూ అవే లెక్కలు వేసి చూసింది. రెండూ ఒకే జవాబిచ్చాయి. ఆ జవాబులతోనే పోయిన వారం యూనిట్ టెస్టు దిద్దిపడేసింది. ఇక కొనడమెందుకు, దండగ.

అదే రాయబోతుంటే చివరి బెంచీ పిల్ల పేపరు పట్టుకుని వచ్చి నిలబడింది. ఆ టెస్టులో ఒక్క మార్కు తగ్గి, రేపటి నుంచి ఆ పిల్ల కింది సెక్షన్‌కి మారిపోతోంది.

"మేడమ్, ఎక్స్ వర్గానికి వర్గమూలం అడిగారు కదా. నేను ఎక్స్‌కి అటూ ఇటూ మాడ్యులస్ గీతలు పెట్టాను. మీరు గీతల్లేకుండా ఉండాలని సున్నా వేశారు. మరి ఎక్స్ మైనస్ మూడైతే?"

"మైనస్ మూడు వర్గం తొమ్మిది. దాని వర్గమూలం..."

మూడు. మైనస్ మూడు కాదు. మైనస్‌ని ప్లస్ చేసే ఆ గీతలు ఉండాల్సిందే.

ఆదరాబాదరాగా ల్యాబ్‌కి వెళ్ళింది. అక్కడి ఇన్‌ఛార్జి తెర చూసి తల గోక్కున్నాడు.

"అక్కా, ఎక్స్ ధనసంఖ్యేనా అని ఇది మాటిమాటికీ అడుగుతోందని విసుక్కుని, మొదటి రోజే మీరు అవునని టిక్ పెట్టేశారు. తీసేయనా?"

తీసేశాడు. గీతలతో సహా జవాబు వచ్చింది. వెబ్‌సైట్లో ఆ టిక్ ముందే పెట్టి ఉంది. ఆవిడ ఏనాడూ పేజీ కిందికి జరిపి చూసిన పాపాన పోలేదు. కనీసం అడుగుతుంది కాబట్టి సాఫ్ట్‌వేరే కొనండని అక్కడే నిలబడి రాసి సంతకం పెట్టింది.

వెనక్కొచ్చి పేపర్లో సున్నా కొట్టేసి మార్కు వేసింది.

"తప్పు నాదమ్మా. నువ్వు సెక్షన్ మారక్కర్లేదు. క్లాసులో కూడా చెప్తాను."

ఆ పిల్ల ముఖం విప్పారలేదు.

"నిన్నటి టెస్టులో కూడా ఇలాంటిదే ఇచ్చారు మేడమ్. గీతలు పెట్టి, మళ్ళీ కొట్టేశాను. మీరు దిద్దారంటే అదే రైటనుకున్నా. ఇంటికెళ్ళి చేసి చూశాకే అనుమానమొచ్చింది."

మేడమ్ నిన్నటి పేపర్ల కట్ట విప్పింది. నలభై పేపర్లూ ఒక్కొక్కటే తిరగేసింది. ఒక్క పేపర్లోనూ గీతలు మిగల్లేదు.